చెవిలో పాట... గదిలో పాట

మా పెదనాన్న మొహం అలా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

విజయనగరంలో వాళ్లింటి ముందుగది. ఆదివారం సాయంత్రం. శ్రీకాకుళం నుంచి అత్తయ్య వాళ్లొచ్చారు, పిల్లలంతా చాప మీద చేరారు. టీపాయ్ మీద ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్. నెల్లాళ్లు కూర్చుని నేను తయారుచేసిన రికార్డింగ్‌ని నలుగురికీ వినిపించే ముహూర్తమన్నమాట. గిటారు పెదనాన్నది, గొంతు పెద్దమ్మది. మీట నొక్కాను.

పెద్దమ్మ గొంతు వినిపించింది. మరి గిటారేదీ? ఎక్కడో బావి అడుగున ఎవరో తీగలు మీటుతున్నట్టు ఉంది. పాట సగంలో ఉండగానే పిల్లలు కబుర్లలో పడ్డారు. అత్తయ్య మర్యాదకు తలూపింది. పెదనాన్న మాత్రం స్పీకర్‌కేసి అలాగే చూస్తూ, 'ఏటిరా, నేను ఇలగ వాయించానేటి?' అన్నారు.

ఆ మాట నాకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఎందుకంటే ఆయన వాయించింది అలా కాదు. నా హెడ్‌ఫోన్స్‌లో ఆ గిటారు అద్భుతంగా ఉంది. రాత్రి పదకొండు గంటలకు అది వింటూ నేను కళ్లు తుడుచుకున్నాను కూడా. అదే పాట గదిలోకి వచ్చేసరికి ఏమైపోయింది?

ఇంట్లో ఎవరైనా పాడినా, గిటారో వీణో వాయించినా ఫోనులోనో కంప్యూటర్‌లోనో రికార్డు చేసుకునే రోజులివి. అందుకే నా పొరపాటు కథ మీక్కూడా ఉపయోగపడుతుందని ఈవారం ఇదే చెబుతున్నా.

ఆయనకున్నది అరగంటే

ముందు పెదనాన్న సంగతి చెప్పాలి. జూట్‌మిల్లులో గుమస్తాగా చేసేవారు. పగలు లెక్కలు, రాత్రి గిటారు. పెళ్లిళ్లకూ నవరాత్రి పందిళ్లకూ వాయించే ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లు ఉన్నారు. 1988లో 'అభినందన', ఆ మరుసటేడు 'గీతాంజలి' వచ్చినప్పుడు ఇళయరాజా పాటల్లోని గిటారు ముక్కల్ని క్యాసెట్టు వెనక్కి తిప్పి తిప్పి నేర్చుకున్నారట. పెద్దమ్మ మా ఊరి సంగీత కళాశాలలో నాలుగేళ్లు గాత్రం నేర్చుకుంది.

రెండేళ్లుగా పెదనాన్న కుడిచెయ్యి వణుకుతోంది. పొద్దున్నే, మందు వేసుకున్న తర్వాత ఓ అరగంట మాత్రం చెయ్యి మాట వింటుంది. ఆ అరగంటల్లోనే నెల రోజుల పాటు ఆరు పాటలు రికార్డు చేశాం. 'బాగా రాలేదు, మళ్లీ వాయించండి' అనే అవకాశం ఇక లేదు. అందుకే ఆ ఆదివారం నాకు అంత భయం వేసింది.

చెవులు మూసుకోవాల్సిన పని

రికార్డింగ్ వేళ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం తప్పా? కానే కాదు. అక్కడ అవి ఉండి తీరాలి.

మేం ముందు గిటారు ఎత్తుకుని, ఆ తర్వాత దాన్ని వింటూ పెద్దమ్మ పాడేలా చేశాం. గిటారును స్పీకర్‌లో వినిపిస్తూ పాడిస్తే ఆ శబ్దం కూడా మైకులోకి దూరిపోతుంది. ఆనక గొంతును విడిగా సరిదిద్దుకోవడం కుదరదు. గట్టిగా పెడితే మైకు సెట్టు 'కూ...' మని అరుస్తుంది చూడండి, ఆ గోల కూడా తప్పదు. అందుకే పాడేవాళ్లకు హెడ్‌ఫోన్స్. అందులోనూ డొప్పలు వెనుక పూర్తిగా మూసి ఉన్న రకం. డొప్ప వెనుక జల్లెడలా తెరిచి ఉండే రకం వినడానికి హాయిగానే ఉంటుంది కానీ శబ్దం బయటికి కారుతుంది. తాళం కోసం పెట్టుకున్న 'టిక్ టిక్' కూడా మైకులోకి ఎక్కేస్తుంది.

ఇంకో సంగతి. వైరు లేని బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఈ పనికి పనికిరావు. వాటిలో శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతో, అంతకన్నా ఎక్కువో ఆలస్యమవుతుంది. వినడానికైతే ఫరవాలేదు గానీ దాంతో కలిసి పాడితే తాళం తప్పుతుంది. వైరున్నవే వాడాలి.

పెద్దమ్మ మొదటిరోజే పేచీ పెట్టింది. 'రెండు చెవులూ మూసేస్తే నా పాట నాకెలా వినబడుతుందిరా?' అంది. నిజమే. గొంతు గదిలో తిరిగి చెవికి చేరితేనే శ్రుతి కుదిరే అలవాటు ఆవిడది. ఒక డొప్ప చెవికి పెట్టి, రెండోది చెవి వెనక్కి నెట్టాం. వెనక్కి నెట్టినవైపు శబ్దం ఆపేశాం. పేరున్న గాయకులు చాలామంది పాడేది కూడా అలాగే.

గిటారుకు మైకు ఎక్కడ పెట్టాలనేది కూడా హెడ్‌ఫోన్సే చెప్పాయి. అందరూ చేసే పొరపాటు మైకును గిటారు మధ్యనుండే గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెట్టడం. గిటారు డొల్లలోని గాలి సాధారణంగా 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఎక్కువగా మోగుతుంది. రంధ్రం ఎదుట మైకు పెడితే ఆ 'భుం' అనే మోతే వినబడుతుంది. గిటారు మెడ, పొట్టతో కలిసేచోటు ఉంటుంది కదా, 12వ మెట్టు దగ్గర, అక్కడికి అడుగు దూరంలో పెడితే తీగా, చెక్కా రెండూ సమంగా పలుకుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకును రెండంగుళాలు అటూఇటూ జరిపితే ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది.

ఇక చిన్న చప్పుళ్ల విషయంలో హెడ్‌ఫోన్స్‌ని మించింది లేదు. ఆపడం మరిచిపోయిన పక్కగది ఫ్యాను, కుర్చీ కిర్రుమనడం, రాయపూర్ వైపు వెళ్లే గూడ్సు బండి కూత... అన్నీ పట్టిచ్చాయి. మూడో పాటలో బల్లి పలికింది కూడా! స్పీకర్‌లో ఎంత విన్నా అది తెలియలేదు. సంగతి చెబితే 'బల్లి పలికింది కదా, ఇంకేం, సత్యం' అని పెద్దమ్మ ఒకటే నవ్వు.

అంటే శబ్దాన్ని పట్టుకునేదాకా హెడ్‌ఫోన్స్‌దే రాజ్యం. నేను బోల్తా పడింది ఆ తర్వాత.

హెడ్‌ఫోన్స్ చెప్పని నిజం

మిక్సింగంటే గొంతు ఎంత ఉండాలి, గిటారు ఎంత ఉండాలి, ఏది ఎటువైపు వినబడాలి అని తూకం వేసే పని. స్టూడియోల్లో ఇందుకు వాడే స్పీకర్లను మానిటర్లంటారు. పాటను అందంగా వినిపించడం వాటి పని కాదు, ఉన్నదున్నట్టు చెప్పడం. నా దగ్గర అవి లేవు. పైగా రాత్రిపూట పని, పక్కవాటాలో పదోతరగతి పిల్లాడి చదువు. హెడ్‌ఫోన్స్‌తోనే కానిచ్చేశాను.

స్పీకర్లతో వింటే ఎడమ స్పీకర్ శబ్దం మన రెండు చెవులకీ చేరుతుంది. కుడిదీ అంతే. మధ్యలో గోడలూ పైకప్పూ తలో మాట కలుపుతాయి. హెడ్‌ఫోన్స్‌లో అలా కాదు. ఎడమది ఎడమ చెవికే, కుడిది కుడి చెవికే. మధ్యలో గాలి లేదు, గది లేదు. పాట ఎదురుగా ఉన్నట్టుండదు, తల లోపల ఉన్నట్టుంటుంది.

గిటారు ఘనంగా వినబడాలని నేను రెండు మైకులు పెట్టాను. ఒకదాన్ని పూర్తిగా ఎడమకీ, రెండోదాన్ని పూర్తిగా కుడికీ తోసేశాను. హెడ్‌ఫోన్స్‌లో గిటారు తల చుట్టూ పరుచుకుంది! కానీ ఆ బుల్లి బ్లూటూత్ డబ్బాలో ఎడమా కుడీ కలిసి ఒకటైపోతాయి. అక్కడే కొంప మునిగింది.

కళింగపట్నం ఒడ్డున నిలబడి చూడండి. ఒక అల లేచేచోట మరో అల పడితే రెండూ కలిసి చదునైపోతాయి. శబ్దమూ అంతే. రెండు మైకుల దూరంలో ఒక్క అడుగు తేడా ఉందనుకోండి, రెండో మైకుకి శబ్దం దాదాపు మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెంటినీ కలిపితే 560 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఆ పైన ఇంకొన్నిచోట్ల కూడా. గిటారుకు ఒడ్డూపొడుగూ ఇచ్చేది ఆ మధ్యభాగమే. పెదనాన్న గిటారు బావిలో పడింది అందుకు.

దానికి తోడు వేళ్లు తీగ మీద జారినప్పుడు వచ్చే 'కీచు' హెడ్‌ఫోన్స్‌లో మరీ దగ్గరగా వినబడి, చిరాకేసి పైస్థాయి శబ్దాన్నంతా కోసేశాను. నలుగురు కూర్చునే గదిలో ఆ కీచు ఎవరికీ వినబడదు. నేను కోసేసిన మెరుపు లేకపోవడం మాత్రం అందరికీ తెలుస్తుంది.

స్పీకర్లూ అబద్ధమాడతాయి

తప్పు తెలిసింది కదాని, ఈసారి ఓ మిత్రుడి దగ్గర మానిటర్ల జత అరువు తెచ్చాను. 12 అడుగులకు 10 అడుగుల గది. చోటు లేక బల్లను ఒక మూలకి నెట్టి, వీపు గోడకి ఆనించి కూర్చున్నాను. రెండు రోజులు కష్టపడి మళ్లీ తూకం వేశాను. పాట శ్రీకాకుళంలో అత్తయ్యకు పంపితే ఫోను చేసింది. 'గిటారు ఇప్పుడు వినబడుతోంది గానీ, రేకు డబ్బా మీద తీగలు కట్టినట్టుందిరా' అంది.

ఈసారి అబద్ధమాడింది మా గది. శబ్దం సెకనుకు సుమారు 1,125 అడుగులు పోతుంది. 10 అడుగుల వెడల్పు గదిలో 112 హెర్ట్జ్ దగ్గర శబ్దపు అల సరిగ్గా గోడకీ గోడకీ మధ్య ఇమిడిపోయి, ఉన్నదానికన్నా ఎక్కువగా మోగుతుంది. గిటారు 5వ తీగ శ్రుతి 110 హెర్ట్జ్. అంటే మా గదికి 5వ తీగంటే వల్లమాలిన ప్రేమ! గోడ పక్కన కూర్చున్నవాడికి ఆ మోత ఇంకా ఎక్కువ. 'అబ్బో, బేస్ మరీ ఎక్కువైంది' అనుకుని నేను కోసేశాను. నిజానికి ఆ బేస్ పాటలో లేదు, గోడల్లో ఉంది. అత్తయ్య గదిలో ఆ గోడలు లేవు కదా.

దుప్పట్లు, బొంతలు వేలాడదీస్తే సరిపోతుందంటారు కొందరు. అవి పైస్థాయి గలగలను తాగుతాయే గానీ, కిందిస్థాయి మోతను ఆపలేవు. 110 హెర్ట్జ్ అల పొడవే పదడుగులు. బొంత దానికేం అడ్డం?

హెడ్‌ఫోన్స్‌కి గది తెలియదు. స్పీకర్లు గదిని దాటి మాట్లాడలేవు. ఇద్దరు సాక్షుల్లో ఎవరి మాటా పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. ఒక్కరి మాట మీద తీర్పు చెబితే మాత్రం నాలాగే అవుతుంది.

మా ఊరి పాఠం

అప్పుడు పెద్దమ్మ మాట గుర్తొచ్చింది. గదిలో తిరిగొచ్చిన గొంతు వింటేగానీ తనకు శ్రుతి కుదరదన్న మాట.

మా ఊరి సంగీత కళాశాల 1919లో పుట్టింది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు. మొదటినుంచీ వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో ఆయన స్థానంలోకి వచ్చారు. ఘంటసాల నేర్చుకున్నది అక్కడే, సుశీల నేర్చుకున్నదీ అక్కడే. వాళ్లు మద్రాసు వెళ్లి పాడే తొలిరోజుల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకే హాల్లో కలిసి పాట పూర్తిచేసేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటికి. ఎవరెంత వినబడాలో చాలావరకు ఆ హాల్లోనే, ఒకరినొకరు వింటూ కుదుర్చుకునేవారు. తర్వాత ఒక్కో వాద్యాన్నీ విడివిడిగా ఎత్తుకునే ట్రాక్ పద్ధతి వచ్చింది. ఎవరి హెడ్‌ఫోన్స్‌లో వాళ్లు, ఎవరి గదిలో వాళ్లు. సౌకర్యం పెరిగింది. కానీ అందరినీ కలిపి వినే ఆ హాలు బాధ్యత చివర్లో మిక్సింగ్‌కి కూర్చున్నవాడి మీద పడింది. ఆ బాధ్యతను రెండు డొప్పల మధ్య తీర్చేద్దామనుకోవడమే నా తప్పు.

ఇద్దరు సాక్షులనూ పిలవండి

మూడోసారి నేను చేసిన పద్ధతి ఇది. ఖర్చు పెద్దగా లేదు, ఓపిక కావాలి.

మొదట రెండు మైకుల్లో 12వ మెట్టు దగ్గరిదాన్నే ఉంచి, రెండోది తీసేశాను. ఇంట్లో చేసుకునే రికార్డింగ్‌కి ఒక్క మైకు చాలు. రెండు పెడితే, ఎడమా కుడీ కలిపి 'మోనో'లో వినిచూసిగానీ ముందుకెళ్లకండి.

స్పీకర్లను మూలనుంచి బయటికి తెచ్చాను. రెండు స్పీకర్లూ నేనూ సమాన దూరంలో, మూడు నాలుగడుగుల త్రికోణంలో ఉండేలా, పైశబ్దాలు పలికే చిన్న స్పీకర్ చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టాను. వీపు వెనుక ఖాళీ వదిలాను.

తూకం స్పీకర్ల మీద వేశాను. గొంతెంత, గిటారెంత, బేస్ ఎంత అన్నది వాటినడిగాను. చప్పుళ్లు, కోతలు, అతుకులు హెడ్‌ఫోన్స్‌నడిగాను. బేస్ దగ్గర అనుమానమొస్తే మళ్లీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను, వాటికి గోడల గోల లేదు కదా. ఇద్దరూ ఒకేమాట చెబితే నమ్మాను. వేర్వేరుగా చెబితే లేచెళ్లి పక్కగదిలో నిలబడి, తలుపు సందులోంచి విన్నాను. గిటారు బావిలో పడిందా లేదా అక్కడ ఇట్టే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మనకు కంఠతా వచ్చిన పాటను ముందు వాటిలో వినడం. నేను 'గీతాంజలి' పాటలు విన్నాను. అందులో గిటారు ఎలా ఉంటుందో చిన్నప్పటినుంచీ తెలుసు. అది నా స్పీకర్లలో మోతగా వినిపిస్తే ఆ మోత స్పీకర్లదీ గదిదీ అన్నమాట. స్టూడియోవాళ్ల కిటుకు కూడా ఇదే. 1978లో యమహా కంపెనీ ఎన్ఎస్-10 అనే స్పీకర్లను ఇళ్లలో వినడానికని తెచ్చింది. ఇళ్లలో పెద్దగా మెచ్చలేదు. ప్రపంచమంతటా స్టూడియోలు మాత్రం బల్లల మీద పెట్టుకున్నాయి. వినసొంపు కోసం కాదు. పాటలో లోపముంటే అవి మొహమాటం లేకుండా చెబుతాయని, వాటి స్వభావం అందరికీ తెలుసునని. 2001లో తయారీ ఆపేసినా కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. సాక్షి మంచివాడు కాకపోయినా ఫరవాలేదు, వాడి తీరు మనకు తెలిసుండాలి.

శబ్దం పెంచి పనిచేయకండి. పక్కవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగేంత చాలు. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్ తగ్గి వినబడుతుందని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందుకే ఒక రోజు గట్టిగా, ఒక రోజు మెల్లగా వింటే తూకం మారిపోతుంది. ఒక్క స్థాయికి కట్టుబడాలి. హెడ్‌ఫోన్స్ అయితే మరీ జాగ్రత్త. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెంచేకొద్దీ ఆ గంటలు గబగబా తగ్గిపోతాయి.

ఇదంతా గిటారు కోసమే కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగనుంచి తొలిచిన ఏకాండి వీణ మీ ఇంట్లో ఉందనుకోండి. దానికీ ఇదే వరస. మైకు కుండకి మరీ దగ్గరైతే మోత, మెట్లకి మరీ దగ్గరైతే వేళ్ల రాపిడి. కాస్త దూరం పెట్టి, హెడ్‌ఫోన్స్‌తో చోటు వెతికి, స్పీకర్లతో తూకం వేయండి.

చివరిగా ఒక మాట. నేను ఇన్నిసార్లు తప్పు చేసినా నిలబడగలిగానంటే ఒకే కారణం. మొదటిరోజు ఎత్తుకున్న అసలు రికార్డింగులను ముట్టుకోకుండా రెండుచోట్ల దాచాను. కోతలూ కూడికలూ నకళ్ల మీదే చేశాను. అసలుది చెరిపేసుంటే ఆ అరగంటలు మళ్లీ వచ్చేవి కావు.

మళ్లీ అదే గది

పైడితల్లమ్మ సిరిమాను సంబరానికి అత్తయ్య వాళ్లు మళ్లీ వచ్చారు. మంగళవారం ఊరంతా మైకులే కాబట్టి ముందురోజు పొద్దున్నే పాట పెట్టాను. అదే గది, అదే బ్లూటూత్ డబ్బా.

గిటారు మొదలైంది. ఎవరూ మాట్లాడలేదు. పెదనాన్న కళ్లు మూసుకున్నారు. ఎడమచేతి వేళ్లు కుర్చీ చేతి మీద ఒక్కో స్వరానికీ ఒక్కోచోటు వెతుక్కుంటున్నాయి. రెండో చరణం దగ్గర ఆ వేళ్లు ఆగాయి.

'అక్కడ తప్పు వాయించాను. అది తీసేయగలవా?'

'తీసేయొచ్చు పెదనాన్నా. మొదటి చరణంలోది తెచ్చి అతికిస్తే తెలియదు.'

కాసేపు ఆలోచించారు. 'వొద్దులే. అది నేనే కదా, ఉంచు' అన్నారు.

ఉంచాను. బల్లిని కూడా.